వీరగాథలూ, పుల్లరి లెక్కలూ

సరిహద్దున తుపాకి పేలిన మర్నాడు మన పత్రికల్లో పద్యాలు పేలుతాయి. ఇది కొత్త సంగతి కాదు. కొత్త సంగతి యేమిటంటే, ఈ మధ్య ఆ పద్యాలకు ఒక సిద్ధాంతం కూడా తోడయింది. సైన్యంలో చేరబోయే యువకుడు జీతమెంత, కొలువు యెన్నేళ్ళు, కాలు పోతే యేమిస్తారు, తిరిగివచ్చాక బతుకేమిటి అని అడగరాదట. అడిగినవాడు వీరుడు కాడట; అడగమని చెప్పినవాడు దేశభక్తుడు కాడట. సభల్లో కవులు ఈ మాట అంటున్నారు. కళాశాలల వార్షికోత్సవాలకు వచ్చే అతిథులు సైతం అంటున్నారు. ఇది అబద్ధమని, చాలా పాత అబద్ధమని, దాన్ని పెంచి పోషించిన పాపంలో మన సాహిత్యానికి పెద్ద వాటాయే వున్నదని చెప్పడానికే ఈ వ్యాసం.

ఖడ్గతిక్కన కథ తెలియని తెలుగు విద్యార్థి వుండడు. 13వ శతాబ్దంలో నెల్లూరు నేలిన మనుమసిద్ధికి సేనాని అతడు. ఎర్రగడ్డపాటి కాటమరాజుతో జరిగిన పోరులో ఓడి ఇంటికి తిరిగివచ్చాడు. స్నానానికి వెళితే భార్య మంచం అడ్డుపెట్టి నీళ్ళ పక్కన పసుపుముద్ద వుంచింది. ఆడవాళ్ళ స్నానానికి చేసే యేర్పాటన్నమాట. భోజనానికి కూర్చుంటే తల్లి విరిగిన పాలు పోసి, నీతోపాటు పాలూ విరిగాయని దెప్పింది. ఆ అవమానం భరించలేక అతడు మళ్ళీ యుద్ధభూమికి పోయి ప్రాణాలు విడిచాడు. ఈ ఘట్టం మీద వున్న చాటువులను తరతరాలుగా మన పండితులు తన్మయులై చదువుతున్నారు. తల్లి అంటే అలా వుండాలని, ఇల్లాలంటే అలా వుండాలని వ్యాఖ్యానిస్తున్నారు.

ఇంతకూ ఆ యుద్ధం దేనికోసం జరిగింది? పుల్లరి కోసం. పశువులను తోలుకొని వచ్చిన కాటమరాజు రాజుగారి బీళ్ళలో మేపుకున్నాడు. మేపినందుకు కట్టవలసిన పన్ను కట్టనన్నాడు. ఆ పన్ను రాబట్టడానికి రాజు సైన్యాన్ని పంపాడు. నేను ఈ పద్యాలు చెబుతుండగా ఒకసారి వెనకబల్లమీది కుర్రవాడు లేచి, 'ఆ పుల్లరి యెంత సార్?' అని అడిగాడు. తరగతి గొల్లుమన్నది. నవ్వవలసిన ప్రశ్న కాదది. చాటుకవికి పసుపుముద్ద సంగతి తెలుసు, పాలు విరిగిన సంగతి తెలుసు. సేనాని ప్రాణానికి ఖరీదుగా నిలిచిన ఆ పన్ను యెంతో అతనికి పట్టలేదు. మన వీరసాహిత్యపు స్వభావమంతా ఈ మరుపులోనే వున్నది. కోటలోవాడి లెక్కను ఇంటిలోవాడి పరువుగా మార్చడం దాని పని. పన్ను రాజుకు పోతుంది, సిగ్గు మాత్రం ఇంటికి చేరుతుంది. రాజు నోరు తెరిచి అడగనక్కరలేదు. తల్లీ, భార్యా అతని తరఫున అడుగుతారు.

అవతలి పక్షం పాటకులు కాటమరాజు కథను ఈనాటికీ పాడుకుంటారు. అందులో వీరులు అటువాళ్ళు. పోయింది మాత్రం రెండువైపులా మనుషులే.

ఇంకొక విచిత్రం. ఆ వంశంలోనే, ఖడ్గతిక్కనకు దాయాది అయిన కవి తిక్కన భారతంలో పదిహేను పర్వాలు తెనిగించాడు. యుద్ధపర్వాలు రాసిన ఆ చేతే స్త్రీపర్వమూ రాసింది. శవాల మధ్య తమవారి కోసం వెతుక్కునే స్త్రీల శోకం అందులో వున్నది. కాని ఉపన్యాసాల్లో, వీరపత్నుల మీద రాసే వ్యాసాల్లో చాటువు వినిపించినంతగా స్త్రీపర్వం వినిపించదు. ఇది ఎంపిక, యాదృచ్ఛికం కాదు.

భూస్వామ్యయుగపు సంగతి ఇప్పుడెందుకని అనవచ్చు. సరే, తర్వాతి కాలానికి వద్దాం. ఉత్తరభారతంలో ఒకప్పుడు సిపాయిని 'తిలంగా' అనేవారు. తూర్పు ఇండియా కంపెనీ దక్షిణాదిన తొలిసారి తయారుచేసుకొని, బెంగాలుకు ఓడల్లో తీసుకుపోయిన సిపాయిల్లో తెలుగువాళ్ళు వుండడంవల్ల ఆ పేరు వచ్చింది. 1757లో ప్లాసీలో క్లైవు పక్కన నిలిచింది ఆ సిపాయిలే. మన జాతి పేరే సైనికుడికి పర్యాయపదమైందని పొంగిపోయే వ్యాసాలు నేను చదివాను. పొంగవలసిందేమున్నది? ఆ బలంతో కంపెనీ బెంగాలును కొల్లగొట్టింది. అది బలిసి, తిరిగివచ్చి ఉత్తరసర్కారుల రైతు నెత్తిన కూర్చున్నది. 1780లో విశాఖపట్నంలో సిపాయిలు ఓడ యెక్కి మద్రాసు వెళ్ళబోమని తిరగబడ్డారు. ప్లాసీని తలచుకునేవారు ఈ తిరుగుబాటును తలచుకోరు.

శతాబ్దం తిరిగేసరికి దొరలు మాట మార్చారు. 1880లలో మద్రాసు సైన్యానికి అధిపతిగా వున్న రాబర్ట్స్ వంటివారు దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని, వీరజాతులు ఉత్తరానే వున్నాయని సిద్ధాంతం కట్టారు. నిన్నటి తిలంగా ఇవాళ పిరికివాడయ్యాడు! ఆ తర్వాత ప్రపంచయుద్ధాలు వచ్చి మనుషులు కావలసివచ్చేసరికి ఆ సిద్ధాంతం సడలింది. మొదటి యుద్ధంలో 13 లక్షలకు పైగా భారతీయులు పనిచేశారు. 70 వేలకు పైగా చనిపోయారు. వీరత్వం రక్తంలో వుండే గుణమైతే ముప్ఫై నలభై యేళ్ళలో పోయి మళ్ళీ యెలా వస్తుంది? అది సైన్యంలోకి మనుషులను చేర్చుకునే కచేరీ రిజిస్టరులో వుంటుంది. అవసరాన్నిబట్టి రాస్తారు, అవసరాన్నిబట్టి కొట్టివేస్తారు.

ఇక నేటి రిజిస్టరు చూద్దాం. 2022 జూన్ 14న కేంద్రప్రభుత్వం అగ్నిపథ్ పథకం ప్రకటించింది. దాని ప్రకారం పదిహేడున్నర మొదలు 21 యేళ్ళ వయసువారిని నాలుగేళ్ళకు చేర్చుకుంటారు, శిక్షణకాలం అందులోదే. నాలుగేళ్ళ తర్వాత గరిష్ఠంగా నూటికి 25 మందిని వుంచుకుంటారు. మొదటి యేడు నెలకు 30,000 రూపాయలు. అందులో 9,000 నిధికి పోగా చేతికి వచ్చేది 21,000. చివర సేవానిధి పేర 11 లక్షల 71 వేలు ఇస్తారు. ఈ మొత్తాన్ని సర్కారు ఇచ్చే బహుమానంగా సభల్లో చెబుతున్నారు. అందులో 5 లక్షల 2 వేలు ఆ కుర్రవాడి జీతంలోంచి కోసినవే. అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది, మిగిలినది వడ్డీ. పింఛను లేదు. గ్రాట్యుటీ లేదు. ఈ షరతులు మామూలు సిపాయికే. శాశ్వత కమిషను పొందిన అధికారి పింఛను అధికారికి వున్నది. తుపాకి ఒకటే, గుండు ఒకటే. పింఛను దగ్గర మాత్రం వర్గం గుర్తుకువచ్చింది.

చనిపోతే 48 లక్షల బీమా వున్నది. విధినిర్వహణలో చనిపోతే అదనంగా 44 లక్షలు, మిగిలిన కాలపు జీతమూ వున్నవి. ఇవి చిన్న మొత్తాలు కావు. దాచడం నా ఉద్దేశం కాదు. కాని వెనుకటి సైనికుడి కుటుంబానికి నెలనెలా వచ్చే పింఛను అగ్నివీరుడి కుటుంబానికి రాదు. 2025 మేలో నియంత్రణరేఖ దగ్గర మన రాయలసీమ తండా బిడ్డ ఒకడు, అగ్నివీరుడు, నేలకొరిగాడు. ఊళ్ళకు ఊళ్ళు కదలివచ్చాయి. దండలు వేసిన నాయకుల్లో, పద్యాలు చదివిన కవుల్లో ఈ తేడాను ప్రస్తావించినవారెందరు?

ఈ పథకం ప్రకటించిన మూడోనాడు, జూన్ 17న, సికింద్రాబాదు రైల్వేస్టేషనులో యువకులు రైళ్ళు తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో వరంగల్లు ప్రాంతపు యువకుడొకడు మరణించాడు. రైళ్ళు తగలబెట్టడాన్ని నేను సమర్థించను. కాని వాళ్ళెవరు? పరుగుపందెం నెగ్గి, వైద్యపరీక్షలో నిలిచి, కరోనా కారణంగా రాతపరీక్ష వాయిదాలు పడుతుంటే నెలల తరబడి కళ్ళు కాయలు కాచేలా యెదురుచూసినవాళ్ళు. సైన్యం వద్దన్నవాళ్ళు కారు, కావాలన్నవాళ్ళు. వీరిని దేశద్రోహులన్న నోళ్ళే ముందటి నెలలో జవాను జిందాబాద్ అన్నవి.

ప్రభుత్వపక్షం వాదన లేకపోలేదు. సైన్యం సగటు వయసు 32 నుంచి 26కు తగ్గుతుంది, యువరక్తం వస్తుంది, సైనికశక్తి పెరుగుతుందంటారు. యువరక్తం మంచిదే. అయితే 2022-23 రక్షణబడ్జెటు 5 లక్షల 25 వేల కోట్లలో దాదాపు లక్షా 20 వేల కోట్లు పింఛన్లకే కేటాయించారన్న సంగతి పక్కన పెట్టుకొని ఈ మాట వినాలి. పొదుపు చేయదలచినవారు పొదుపని చెప్పవచ్చు. దానికి యవ్వనమని పేరు పెట్టడమెందుకు?

అసలు సైనికశక్తి అంటే యేమిటి? మన పత్రికలు ట్యాంకులెన్ని, విమానాలెన్ని, మనుషులెన్ని లక్షలని పట్టికలు వేసి, పక్కదేశంతో పోల్చి, పిల్లలు క్రికెట్ పరుగులు లెక్కించినట్టు లెక్కిస్తాయి. 1954లో దియన్ బియన్ ఫూ దగ్గర విమానాలు, కోట, శిక్షణ పొందిన సైన్యం ఫ్రాన్సుకు వున్నవి. వియత్నాం రైతులు సైకిళ్ళమీద బియ్యమూ మందుగుండూ కొండదారుల్లో తోసుకుపోయారు. ఆ పట్టికలో సైకిలుకు గడి లేదు. దేనికి పోరాడుతున్నామో తెలిసినవాడి బలం వేరు. తన వెనక తన కుటుంబాన్ని యెవరో చూసుకుంటారన్న భరోసా వున్న సిపాయి బలం కూడా వేరు. నాలుగో యేట, వుంచే ఇరవైఅయిదుమందిలో నేనుంటానా, డెబ్బయిఅయిదుమందిలో పోతానా అని పక్కవాడితో పోటీపడే సిపాయికి ఆ భరోసా యెక్కడిది? కందకంలో పక్కవాడు తోడు కావాలి, పోటీదారు కారాదు.

కనుక సైన్యంలో చేరదలచిన తమ్ముడు ముందుగా ఆ కాగితం పూర్తిగా చదవాలి. పరుగు నేర్పే శిక్షణకేంద్రం వాడు 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో యెలా ముగించాలో చెబుతాడు. కాగితం చదవడం నేర్పడు. సంతకం చేశాక ఇష్టం వచ్చినప్పుడు మానుకొనే కొలువు కాదది. రాజ్యాంగం 33వ అధికరణం కింద సైనికుడి ప్రాథమిక హక్కులను పార్లమెంటు కుదించవచ్చు. 1950 సైన్యచట్టం అలాగే కుదించింది. సంఘం పెట్టుకోరాదు, పత్రికకు రాయరాదు. యుద్ధవిధుల్లో వుండగా పారిపోతే మరణశిక్ష దాకా వున్నది. సైన్యానికి క్రమశిక్షణ వుండవలసిందే. పద్దెనిమిదేళ్ళవాడు దాన్ని తెలిసి ఒప్పుకోవాలనడం ద్రోహమెలా అవుతుంది?

అంతకన్న పెద్ద విషయం మరొకటి వున్నది. శత్రువెవరో నిర్ణయించే హక్కు సైనికుడిది కాదు. 1948 సెప్టెంబరు 13న భారతసైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది; 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ వదిలిందని జనం సంతోషించారు. అదే సైన్యాన్ని ఆ తర్వాత, 1951లో పోరాటం విరమించేదాకా, దొరల భూములు పంచుకున్న తెలంగాణ రైతుల మీదికి నడిపారు. మొదటి పనికీ రెండో పనికీ జవానుకు జీతం ఒకటే, ఆజ్ఞ వచ్చిన తీరూ ఒకటే. అతడూ యెక్కడో ఒక పేదరైతు కొడుకే. ఈ రెండూ తన కొలువులో భాగాలేనని తెలిసి చేరేవాడు వేరు, సినిమా చూసి చేరేవాడు వేరు.

మనవాళ్ళను కూడా నాలుగు మాటలు అనక తప్పదు. సిపాయి అనగానే కిరాయివాడని పెదవి విరిచే అభ్యుదయవాదులు కొందరున్నారు. వీరికి నెలజీతం, పింఛను, సొంత ఇల్లు వున్నవి. అనావృష్టికి పంట పోయి, అన్నకు కూలి దొరకక, చెల్లెలి పెళ్ళి బాకీ నెత్తినవుంటే యూనిఫారం వేసుకున్నవాణ్ణి యెగతాళి చేయడం యే అభ్యుదయం? పశ్చిమగోదావరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. అక్కడ తరాలుగా ఇళ్ళనుంచి సైన్యానికి వెళుతున్నారు. ఆ ఇళ్ళవాళ్ళంతా యుద్ధోన్మాదులా? మన సంఘం పుట్టిందే ప్రపంచయుద్ధం నడుమ, 1943లో తెనాలిలో. ఫాసిజాన్ని తుపాకితో ఆపవలసిందేనని ఆనాడు మనమే అన్నాం. అన్ని తుపాకులూ ఒకటే అన్నవాళ్ళం కాము మనం. ఇది యెవరి యుద్ధం అని అడిగినవాళ్ళం. ఆ అడగడాన్ని ఇప్పుడు అటు వీరకవులూ వదిలారు, ఇటు మనవాళ్ళూ వదిలారు. వాళ్ళు దండ వేస్తారు, వీళ్ళు ముఖం తిప్పుకుంటారు.

2022 చివర చేరిన తొలి అగ్నివీరులకు నాలుగేళ్ళు నిండేది 2026 చివర. కేంద్ర సాయుధపోలీసు దళాల్లో పదిశాతం ఖాళీలు వీరికి కేటాయిస్తామని 2022లోనే ప్రకటించారు. ఆ పదిశాతంలో యెందరు పడతారో, పడనివారికి యే కాపలా ఉద్యోగం దొరుకుతుందో రాయవలసిన కథకులు మనలో వున్నారు. పదో తరగతితో వెళ్ళి, తుపాకి పేల్చడం నేర్చి, మంచుకొండల మీద కావలి కాసి, పాతికేళ్ళయినా నిండకుండా ఊరికి తిరిగివచ్చే కుర్రవాణ్ణి గురించిన తెలుగు కథ నాకింతవరకు కనబడలేదు. పద్యాలు మాత్రం వందల్లో వున్నవి.