వత్తియే ప్రధానము

క్రిస్మసు పండుగకై తేనెమైనముతో క్రొవ్వొత్తులను స్వయముగా చేయువారు మైనమును శ్రద్ధతో వడగట్టుదురు గాని, వత్తికి మాత్రము చేతికందిన దారమే చాలునని తలంతురు. ఇది పొరపాటని మా యభిప్రాయము. తేనెమైనము సుమారు 63 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి గాని కరగదు; కరగినను చిక్కగా నుండి వత్తిలో మెల్లగా ప్రాకును. కావున పారఫిను క్రొవ్వొత్తికి చాలిన వత్తికంటె దీనికి లావైన నూలువత్తి కావలయును. సన్ననిది తన చుట్టును గుంట చేసికొని, కరగిన మైనములో మునిగి యారిపోవును. మిక్కిలి లావైనది పొగ గ్రక్కును. జడవలె నల్లిన వత్తి యుత్తమము. దాని కొన వంగి మంట యంచున తానే కాలిపోవును. 1825లో ఫ్రాన్సున నిట్టి వత్తి వచ్చిన పిదప కొనను మాటిమాటికి కత్తిరించు పని తగ్గినది.

విద్యార్థులారా! ఒకే లావుగల మూడు చిన్న క్రొవ్వొత్తులలో మూడు తరగతుల వత్తుల నుంచి, పెద్దల యెదుట వెలిగించి చూడుడు. మైనమును అంచువరకు కరగించి, పొగ లేక నిలుకడగా వెలుగునదే తగినది. ప్రార్థన ముగియకమునుపే దీపమారినచో, ఆ నింద తేనెటీగల శ్రమఫలమైన మైనమునకు గాదు, మన యజాగ్రత్తకే చెందును.