పాత్రకు తగిన పాత్ర

చారిత్రక నాటకం ప్రదర్శించే విద్యార్థులు వేషభాషల విషయంలో పడే శ్రమ ప్రశంసనీయమైనది. కిరీటాన్ని, కరవాలాన్ని, జరీ అంగరఖాను ఎక్కడెక్కడి నుండియో సంపాదిస్తారు. కాని విందు దృశ్యం రాగానే హాస్టలు వంటశాలలో చేతికందిన గిన్నెలను తెచ్చి రంగస్థలంపై పెడతారు. ఇది చిన్న లోపమని మేము భావించడం లేదు.

ఒక వార్షికోత్సవంలో మా విద్యార్థులు ఇబ్రహీం కుతుబ్ షా ఆస్థానాన్ని ప్రదర్శించారు. 1550 నుండి 1580 వరకు గోలకొండను ఏలిన ఆ ప్రభువును తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకొన్నారు. అద్దంకి గంగాధర కవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమిచ్చారు. అట్టి సభలో సేవకుడు స్టెయిన్‌లెస్ స్టీలు గ్లాసుతో కవిగారికి షర్బత్ అందించగానే ప్రేక్షకులు గొల్లుమన్నారు. ఆ నవ్వు గ్లాసుతో ఆగలేదు. ముస్లిం ప్రభువు తెలుగు కవిని సత్కరించడం కూడ నాటకం కోసం కల్పించినదేనా అని మరునాడు కొందరు విద్యార్థులు మమ్ములను అడిగారు. తప్పు వారిది కాదు, రిహార్సళ్ళు నడిపిన మాది. కంటికి కనబడే వస్తువు అబద్ధమైనప్పుడు చెవికి వినబడే సత్యం కూడ అబద్ధంగా తోచడం సహజమే గదా!

డబ్బు లేదనడం దీనికి సమాధానం కాదు. అమెరికాలోని బర్క్‌లీలో 1966లో ఆరంభమైన 'సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం' సభ్యులు ఐరోపా మధ్యయుగ జీవితాన్ని పునరభినయిస్తూ విందులు జరుపుకొంటారు. ఎవరి కంచం, గిన్నె, పానపాత్ర వారే తెచ్చుకోవడం అక్కడి ఆచారం. అందరును వెండి కొనలేరు. కనుక కొయ్య గిన్నె, మట్టి ముంత, అలంకారం లేని లోహపు పళ్ళెం వంటివి నేటి అంగళ్ళలోనే ఏరుకొంటారు.

మనకు ఈ పని మరింత సులభం. కళాయి వేసిన రాగి పళ్ళెం, ఇత్తడి చెంబు ఎన్నో ఇండ్లలో అటకలపై నేటికిని ఉన్నవి. మట్టి ముంతకు అయ్యే ఖర్చు స్వల్పం. కవిగారి ఇంటి దృశ్యానికి మోదుగాకు విస్తరి చాలును. స్టెయిన్‌లెస్ స్టీలు 1913 నాటిది. అల్యూమినియం చౌక అయినది 1886 తరువాతనే. ఆ రెంటినీ, ప్లాస్టిక్కునూ దూరంగా ఉంచితే సగం దోషం తొలగుతుంది. పింగాణీని మాత్రం నిషేధించనక్కరలేదు. చైనా పింగాణీ సముద్రమార్గాన దక్కనుకు వచ్చేది. అచ్చుపూలు లేని తెల్లని పళ్ళెమో, లేత ఆకుపచ్చని పళ్ళెమో బజారులో కొంటే సభకు తగి ఉంటుంది. బల్ల, ఫోర్కు తీసివేసి నేలపై దస్తర్‌ఖాన్ పరచాలి. చేతులు కడిగించడానికి ఆఫ్తాబా, చిలమ్చీ దొరకకుంటే ఇత్తడి చెంబు, వెడల్పాటి పళ్ళెం సరిపోతాయి.

ఒక హెచ్చరిక కూడ అవసరం. వేదికపై నిజంగా తినేటట్లయితే కళాయి పోయిన రాగి, ఇత్తడి పాత్రలలో పులుపు పదార్థాలు పెట్టరాదు. రంగు పూసిన కుండలను చూపడానికే వాడాలి గాని, వాటిలో తాగరాదు.

నాటకం ముగియగానే ఈ పాత్రలను ఒక పెట్టెలో భద్రపరచి మరుసటి సంవత్సరపు విద్యార్థులకు అప్పగించాలని మా సూచన. ఉర్దూ శాఖ దస్తర్‌ఖాన్ తెస్తే తెలుగు శాఖ ఇత్తడి చెంబు తేగలదు. రెండు భాషలు ఒక సభలో కూర్చున్న ఆ గోలకొండను మన వేదికపై చూచి, అది నిజమేనని మన విద్యార్థులు నమ్మాలి.