మీట నొక్కిందెవరు?

నాంపల్లి కోర్టుల చుట్టుపక్కల, అబిడ్స్ సందుల్లో, జెరాక్స్ మిషన్ పక్కన కంప్యూటర్ ముందు కూర్చున్న ఆడవాళ్లను మనమంతా చూశాం. మన పిటిషన్లూ, అఫిడవిట్లూ, కరపత్రాలూ ఎన్నో వాళ్లు కొట్టి ఇచ్చినవే. ఒకప్పటి టైపిస్టులు డీటీపీ వచ్చాక 'ఆపరేటర్లు' అయ్యారు. 2025 జనవరిలో ఓపెన్‌ఏఐ కంపెనీ, మనిషికి బదులు వెబ్ ఫారాలు నింపి మీటలు నొక్కే సాధనాన్ని విడుదల చేసి, దానికీ 'ఆపరేటర్' అనే పేరే పెట్టింది. ఆ ఏడాదే దాన్ని చాట్‌జీపీటీలో కలిపేసింది. అంతకుముందే, 2024 అక్టోబరులో, ఆంత్రోపిక్ కంపెనీ కూడా కంప్యూటర్‌ను నడిపే సదుపాయాన్ని ప్రకటించింది. వీటిని ఏఐ ఏజెంట్లు అంటున్నారు. పేరు తీసుకున్నారు, పనీ తీసుకుంటారు. బాధ్యత ఎవరు తీసుకుంటారన్నది మన ప్రశ్న.

ఇవి పనిచేసే తీరు మనకు అర్థం కానిదేమీ కాదు. ఏజెంటు తెరను ఫొటో తీసుకుంటుంది. ఏ పెట్టె ఎక్కడుందో చూసి, మౌస్‌ను అక్కడికి జరిపి నొక్కుతుంది, టైపు చేస్తుంది. ఏమైందో చూడడానికి మళ్లీ ఫొటో తీస్తుంది. పని అయ్యేదాకా ఇదే వరస. ప్రమాదాలూ ఇందులోనే ఉన్నాయి. పక్కన తెరిచి ఉంచిన వేరొకామె కేసు కాగితం కూడా ఆ ఫొటోలో పడుతుంది. అలాంటి ఫొటోలు చాలా సాధనాల్లో కంపెనీ సర్వర్‌కు వెళతాయి. అంతేకాదు, ఎవరో పంపిన ఉత్తరంలోనో వెబ్ పేజీలోనో దాచిపెట్టిన ఆదేశాన్ని అది యజమాని మాటగా పొరబడి పాటించవచ్చు.

ఇలాంటి సాధనాన్ని ఒక సెంటర్‌లో పెట్టాలంటే, అక్కడి పనిని ముందు ఎవరో మెట్టుమెట్టుగా రాసివ్వాలి. నాకు తెలిసిన ఒక ఆపరేటర్‌ను ఆమె యజమాని ఇలాగే రాసిమ్మన్నాడు. పని వేళలు అయ్యాక, అదనపు డబ్బులు లేకుండా. ఆమె నన్ను అడిగిన మాట ఇంకా మనసులో తిరుగుతోంది. "అక్కా, గృహహింస కేసు కాగితాలకు ఎవరన్నా వస్తే నేను ముందు అడిగేది, ఇప్పుడు నువ్వుండే అడ్రసు ఆయనకు తెలుసా అమ్మా అని. దీన్ని ఏ మెట్టు కింద రాయాలి?"

2005 గృహహింస చట్టం కింద వేసిన దరఖాస్తు భర్తకూ చేరుతుందని ఆమెకు తెలుసు. ఫారంలో ఉన్నది ఒక ఖాళీ పెట్టె మాత్రమే. అందులో ఏ అడ్రసు రాయాలన్నది ప్రాణం మీదకు వచ్చే విషయం. పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన ఫైలు తెర మీద తెలుగుగా కనబడినా, ఆ ఫాంటు తీసేస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా మారిపోతుందనీ ఆమెకు తెలుసు. ఏళ్ల తరబడి సంపాదించిన ఈ జ్ఞానాన్ని 'డేటా ఎంట్రీ' అని పిలిచి తక్కువ కూలి ఇచ్చారు. ఇప్పుడు దాన్ని ఉచితంగా రాసిమ్మంటున్నారు.

యంత్రం తేల్చిన దానికి జవాబు చెప్పేవాళ్లు లేకపోతే ఏమవుతుందో తెలంగాణలో చూశాం. ఇంటికి వచ్చి చూడకుండా, కంప్యూటర్ లెక్కలతో రేషన్ కార్డులు రద్దు చేశారన్న పిటిషన్ మీద, దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అక్కడ వాడింది ఇలాంటి ఏజెంటు కాదు. కానీ కార్డు పోయిన ఆడవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి అడిగిన ప్రశ్న ఇదే: ఎవరు తీసేశారు, ఎందుకు తీసేశారు?

మేం యంత్రాలకు వ్యతిరేకం కాదు. రోజంతా టైపు చేసి మణికట్లు వాచిన వాళ్లకు సాయం వస్తే సంతోషమే. అయితే ఏ సెంటర్‌లో, ఏ ఆఫీసులో ఏజెంటును పెట్టినా, దాని గురించి తెలుగులో రాసిన పుస్తకం ఒకటి అక్కడ ఉండాలి. అది ఏయే ఫైళ్లు చూడగలదు, ఫొటోలు ఎక్కడికి వెళతాయి, ఎన్నాళ్లు ఉంటాయి, దాన్ని ఎలా ఆపాలి అన్నవి అందులో ఉండాలి. అది చేసిన ప్రతి పనికీ తేదీ, సమయంతో చిట్టా ఉండాలి. ఎవరు చేయమన్నారో కూడా రాయాలి. దరఖాస్తు పంపే మీట మాత్రం, సంబంధిత స్త్రీకి చదివి వినిపించి, ఆమె సరేనన్నాక మనిషే నొక్కాలి. ఆ పుస్తకం రాసిన ఆపరేటర్‌కు దాని మీద పేరూ, రాసిన గంటలకు వేతనమూ దక్కాలి.

ఇది గొంతెమ్మ కోరిక కాదు. మన సమాచారం తీసుకునేందుకు సమ్మతి అడిగేటప్పుడు ఇచ్చే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలుండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టమే చెప్పింది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది, ఉర్దూ ఉంది. నాంపల్లిలో రెండూ కావాలి.

ముందు మన ఇంటి నుంచే మొదలుపెడదాం. సాయం కోసం వచ్చిన స్త్రీల వివరాలు మన సంఘాల కంప్యూటర్లలోనే ఎన్నో ఉన్నాయి. ఏజెంటును ఎవరైనా ఉచితంగా పెట్టిస్తామని వస్తే, ఆ పుస్తకం చూపించమని అడుగుదాం. చూపించలేకపోతే, ఆ కంప్యూటర్‌ను మన ఆపరేటర్ల చేతుల్లోనే ఉంచుదాం.