నలుగురు మిత్రులు, ఒక సీసా

పొగాకు వాడే దృశ్యాలున్న చిత్రాలకు ముందూ, మధ్యలోనూ ఆరోగ్య హెచ్చరికలు ప్రదర్శించాలన్న నిబంధన 2012 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చింది. అలా మన చెవుల్లో పడి పడి, చివరకు పరిహాసంగా మారిపోయిన ఒక ప్రకటనలోని తొలి వాక్యమే తరుణ్ భాస్కర్ దర్శకత్వంలో 2018లో వచ్చిన ‘ఈ నగరానికి ఏమైంది’ చిత్రానికి పేరయింది.

కథ చిన్నదే. లఘుచిత్రాలు తీయాలని కలలుగని, ఎక్కడా ఇమడలేకపోయిన నలుగురు మిత్రులు తాగిన మత్తులో గోవా చేరుకుంటారు. అక్కడ డబ్బు అవసరమై లఘుచిత్ర పోటీలో దిగుతారు. హాయిగా నవ్వించే చిత్రమిది. నేనూ నవ్వాను. అయితే వారిలో ఒకడైన వివేక్ దగ్గర నా వైద్యదృష్టి ఆగిపోయింది. ప్రేమ విఫలమైన నాటి నుంచి అతనికి మద్యం, కోపం తప్ప మరో తోడు లేదు.

వృత్తిలో ఉండగా ఒక యువకుణ్ణి అతని మిత్రులు ముగ్గురు నా వద్దకు తీసుకువచ్చారు. కళ్లు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. ఎన్నాళ్లుగా తాగుతున్నాడని అడిగాను. ‘‘తాగితే మావాడు భలే నవ్విస్తాడు సార్’’ అన్నాడొకడు. పొద్దున్నే చుక్క పడనిదే అతని చేతుల వణుకు ఆగదని ముగ్గురికీ తెలుసు. అదీ వారికి హాస్యంగానే తోచింది.

ఈ చిత్రం నీతులు చెప్పలేదని కొందరు తప్పుపట్టవచ్చు. నాకు ఆ అభ్యంతరం లేదు. తెరమీది హెచ్చరిక చేయలేని పని మిత్రుడు చేయగలడని అది చూపింది. వివేక్ ఎంత విసుక్కున్నా మిత్రులు అతన్ని వదిలిపెట్టలేదు. మళ్లీ అతని చేత లఘుచిత్రం తీయించారు. వ్యసనం నుంచి బయటపడేవారికి ఆదరించే మనిషి, చేయడానికి ఇష్టమైన పని, ఈ రెండూ గొప్ప ఆసరా.

అయితే స్నేహం చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. రోజూ అతిగా తాగేవారు ఉన్నపళాన మానేస్తే రెండు మూడు రోజుల్లోనే మూర్ఛలు, మతిభ్రమ రావచ్చు, ప్రాణాపాయమూ కలగవచ్చు. కాబట్టి ‘‘రేపటి నుంచి మానెయ్యి’’ అని ఒట్టు వేయించుకోవడం కంటే, వెంటబెట్టుకుని వైద్యుని వద్దకు తీసుకువెళ్లడం మేలు. కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి సహాయవాణి 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

ఈ చిత్రాన్ని మీ మిత్రబృందంతో మళ్లీ చూసినప్పుడు నవ్వడం మానకండి. కాని మీలో వివేక్ ఎవరో ఒక్కసారి పక్కకు తిరిగి చూడండి. ఆ రాత్రి అతని గ్లాసు నింపకుండా, ఎలా ఉన్నావని అడగండి.