కిందికి చూసే కిరీటం

తీర్థం పుచ్చుకుని తల వంచగానే అర్చకస్వామి మన శిరస్సుపై శఠారి ఉంచుతారు. రెప్పపాటులో ముగిసిపోయే ఆ స్పర్శ కోసం ఎంతసేపైనా వరుసలో నిలుస్తాం. కాని ఆ పాత్రను నిదానించి చూసినవారు మనలో ఎందరు? ఆకారంలో అది కిరీటం. దాని పైభాగాన ఉన్నవి స్వామివారి పాదాలు. కిరీటానికి పైన పాదాలుండడమేమిటి? అన్నింటికన్న ఉన్నతమైనది ఏది అనే ప్రశ్నకు మన పెద్దలు ఆ చిన్న పాత్రతోనే సమాధానం చెప్పారనిపిస్తుంది.

ఇదే ప్రశ్నను మనకు ఎంతో దూరాన, మరొక భాషలో, మరొక ధర్మంలో వేసుకున్నవారున్నారు. యూదుల మార్మిక సంప్రదాయానికి కబ్బాలా అని పేరు. స్వీకరించినది, అంటే పరంపరగా అందినది అని ఆ మాటకు అర్థం. పదమూడవ శతాబ్దం చివర స్పెయిన్‌లో వెలుగుచూసిన ‘జోహర్’ ఈ సంప్రదాయానికి ప్రధాన గ్రంథం. పరమాత్మ నిజస్వరూపం మాటకు, మనస్సుకు అందనిదని వారి సిద్ధాంతం. దానిని ‘ఐన్ సోఫ్’, అంటే అంతము లేనిది అన్నారు. ఆ అనంతం తనను వ్యక్తం చేసుకున్న పది దివ్యశక్తులకు ‘సెఫిరోత్’ అని పేరు. జ్ఞానం, వివేకం, కృప, దండన, సౌందర్యం మొదలైనవి వాటిలో ఉన్నాయి. పదవది ‘మల్ఖుత్’, అంటే రాజ్యం. మొదటిది, సర్వోన్నతమైనది ‘కెతెర్’. కెతెర్ అంటే కిరీటం.

కిరీటం శిరస్సుపై ఉంటుంది గాని శిరస్సులో భాగం కాదు. అందుకే ఆ పేరు తగినదని కబ్బాలా పెద్దల వివరణ. జ్ఞానానికి, వివేకానికి పైన ఉన్నది గనుక అది ఆలోచనకు చిక్కదు. సృష్టి చేయాలనే భగవత్సంకల్పం అక్కడే పుట్టిందంటారు. దానికే ‘ఆయిన్’ అని మరొక పేరు. ఏమీ లేనిది అని దాని అర్థం. అది శూన్యం కనుక కాదు, మనం ఎరిగిన వస్తువులలో దేనితోనూ దానిని పోల్చలేము కనుక ఆ పేరు. హీబ్రూ భాషలో ‘ఆయిన్’ అనే పదంలోని మూడక్షరాలను క్రమం మార్చి వ్రాస్తే ‘అనీ’, అంటే ‘నేను’ అవుతుంది. ఆ ‘నేను’ను వారు అన్నింటికన్న కింద ఉన్న మల్ఖుత్‌కు అన్వయించారు. శిఖరాన ఏమీ లేనిదిగా ఉన్నదే అడుగున ‘నేను’ అని పలుకుతున్నదని భావం.

ఉపనిషత్తులు విన్న చెవులకు ఇది కొత్తగా తోచదు. బృహదారణ్యకోపనిషత్తులో గార్గి యాజ్ఞవల్క్య మహర్షిని అడిగిన ప్రశ్న మగ్గం ముందు పుట్టినట్లుంటుంది. ద్యులోకానికి పైన, భూమికి కింద, భూతభవిష్యద్వర్తమానాలలో ఉన్నదంతా దేనిలో పడుగుపేకలుగా అల్లుకుని ఉన్నదని ఆమె అడిగింది. ఆకాశంలో అని చెబితే, ఆ ఆకాశం మరి దేనిలో అని నిలదీసింది. మహర్షి అక్షరతత్త్వాన్ని చెప్పి, అది స్థూలం కాదు, సూక్ష్మం కాదు అంటూ కాదుల వరుసతోనే దానిని వర్ణించాడు. మన నారాయణపేటలో ఈ ఉపమానాన్ని వేరే వివరించనక్కరలేదు. సంప్రదాయపు నేతలో ఒకసారి పడుగు మగ్గానికెక్కితే ఎనిమిది చీరలు దిగుతాయి. అంచులు వేరు, కొంగులు వేరు; పడుగు ఒక్కటే. చీర కట్టుకున్నవారు రంగును, అంచును చూస్తారు గాని పడుగును ఎవరు తలచుకుంటారు? తలచుకోకపోయినా చీరను నిలబెట్టేది అదే.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇతర ధర్మాలలో మంచిమాట కనిపించగానే ‘ఇదంతా మన వేదాలలో ఉన్నదే’ అని పుస్తకం మూసివేయడం మనకు అలవాటైంది. పది సెఫిరోత్ అనగానే దశావతారాలతో జత కలిపేవారూ ఉంటారు. అది సరికాదు. యూదులు విగ్రహారాధనను పూర్తిగా నిషేధించుకున్నవారు. సెఫిరోత్ వారికి దేవతలు కావు, అవతారాలు అంతకన్నా కావు. కెతెర్ అనంతమేనా, లేక అనంతం నుండి వెలువడిన మొదటిదా అని వారిలో వారే శతాబ్దాలుగా వాదించుకున్నారు. ఆ శ్రమను గౌరవించకుండా పోలికలు వెతకడం పొరుగువారి ఇంటికి వెళ్లి మన ఇంటి గొప్పలు చెప్పుకుని రావడం వంటిది. పోలిక కంటె విలువైనది, వారి నుండి మనం నేర్చుకోదగినది.

అటువంటిది ఒకటి పదహారవ శతాబ్దపు మహాపండితుడు మోషే కొర్దొవేరో చెప్పాడు. ఆయన 1522లో జన్మించి, గలిలయ ప్రాంతంలోని సఫేద్ పట్టణంలో బోధించి, 1570లో మరణించాడు. సెఫిరోత్‌ను ధ్యానించడంతో సరిపెట్టుకోకుండా మనిషి తన నడవడిలో వాటిని అనుకరించాలని ‘తోమెర్ దెవోరా’ అనే చిన్న గ్రంథం వ్రాశాడు. మరి కెతెర్‌ను అనుకరించడం ఎట్లా? కిరీటాన్ని అనుకరించమంటే తల ఎత్తుకుని నడవమని కదా మనం ఊహిస్తాం! ఆయన చెప్పినది వినయం. కెతెర్ తన మూలకారణం వైపు చూడడానికి సిగ్గుపడి, ఎల్లప్పుడూ కిందనున్నవారి మీదనే దృష్టి నిలుపుతుందట. అల్పమైన ప్రాణిని కూడా తృణీకరించక పోషిస్తుందట. కనుక కెతెర్‌ను ఆశ్రయించినవాని నుదుట కాఠిన్యం ఉండరాదు. చెవి పరనిందకు తెరుచుకోరాదు. కన్ను ఆర్తుల నుండి తప్పుకోరాదు. నోట మంచిమాట తప్ప వెలువడరాదు. ఎంత పైనున్నదో అంత కిందికి చూడగలగడమే కిరీటపు లక్షణమని ఆయన తీర్మానం.

శఠారి చెప్పేదీ ఇదే కాదా? శఠారి, శఠకోపుడు అన్నవి నమ్మాళ్వారు పేర్లు. శ్రీవైష్ణవులు ఆయనను స్వామి పాదాలుగానే భావిస్తారు. ఆయన జన్మించినది బ్రాహ్మణేతర కులంలో. ఆయన పేరుగల పాత్రను ఏ కులంవాడైనా తల వంచి స్వీకరించవలసినదే. రామాయణంలో భరతుడు చేసినదీ ఇదే పని. కిరీటం తన తలకు అందివచ్చినా కాదని అన్నగారి పాదుకలను సింహాసనంపై నిలిపాడు.

ఇంత చెప్పుకున్న మనం ఆచరణలో ఎక్కడున్నాం? గుంటూరు ప్రాంతంలో చేబ్రోలుకు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిము అనే తెలుగు యూదుల సమాజం ఉంది. ఇస్రాయేలు తెగలలో ఒకటైన ఎఫ్రాయిము సంతతివారమని వారి విశ్వాసం. 1991లో ప్రార్థనామందిరం నెలకొల్పుకున్నారు. వారిపై యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వ్రాసిన పరిశోధన గ్రంథం 2013లో వెలువడింది. మాదిగ కుటుంబాల నుండి వచ్చిన ఆ ప్రజలు క్రైస్తవాన్ని దాటి యూదు ధర్మానికి చేరారు. వారి విశ్వాసాన్ని తూచే అధికారం మనకు లేదు. కాని మన గుడి గడప వద్ద తరతరాలు బయట నిలిపివేసిన మనుషులు వేరే గడపలు వెతుక్కున్నారంటే, అందులో మన పాత్ర ఎంత అని ప్రశ్నించుకునే బాధ్యత మనది. స్వామి కిందికి చూస్తూనే ఉన్నాడు. చూపు మరల్చుకున్నది మనమే.

దేవునికి బంగారు కిరీటం చేయించి, ఇచ్చినవారి పేరు గోడమీద చెక్కించుకుంటున్న కాలమిది. కిరీటం సమర్పించడం తప్పు కాదు. కాని దానిని సమర్పించిన చేయి ఇంటిలో పనిచేసే మనిషికి వేరే గ్లాసులో నీళ్లిస్తే, ఆ కిరీటం ఎవరి తలపై ఉన్నట్లు? స్వామి తలపైనా, మన అహంకారం తలపైనా?

ఈసారి గుడిలో శఠారి తలపై ఆనినప్పుడు ఒక్క క్షణం ఆగుదాం. పాదాలు పైన, మన తల కింద అని గుర్తుంచుకుందాం. బయటికి వచ్చి మెట్లు దిగుతూ, అక్కడ కూర్చున్నవారి కళ్లలోకి చూద్దాం. శఠారి మన తలపై నిలిచినది ఆ క్షణం మాత్రమే కాదని అప్పుడే రుజువవుతుంది.