గింజలు ఆగి పైసలు వచ్చాక: నాందేడ్ కేశరి కార్డు కథ

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా మూడు రాష్ట్రాల అంచున ఉంటుంది. మద్నూర్ వైపు వెళితే తెలంగాణ, ఔరాద్ వైపు వెళితే కర్ణాటక. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ ఒకే అంగడిలో వినిపిస్తాయి. సరిహద్దుకు అటూ ఇటూ వియ్యాలున్నాయి. తిండి అలవాట్లూ దాదాపు ఒకటే. సర్కారు సాయం మాత్రం కార్డు ఏ ఊళ్లో ఉంటే ఆ తీరుగా వస్తుంది. తెలంగాణలో 2025 మార్చి 30న హుజూర్‌నగర్‌లో మొదలైన పథకం కింద మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితం. కర్ణాటక 2023 జులై నుంచి అదనపు 5 కిలోల బియ్యానికి బదులు మనిషికి 170 రూపాయలు బ్యాంకులో వేసి, 2025 ఫిబ్రవరిలో మళ్లీ బియ్యానికే వచ్చింది. నాందేడ్‌లో కేశరి రంగు రేషన్ కార్డున్న రైతు కుటుంబానికి గింజలు ఆగిపోయి పైసలు మొదలయ్యాయి. అవి ఇప్పటికీ పైసలుగానే ఉన్నాయి.

దీని వెనుక కథ కొంచెం పొడుగే. 2013 ఆహార భద్రత చట్టం కింద అంత్యోదయ కుటుంబానికి నెలకు 35 కిలోలు, ప్రాధాన్య కుటుంబంలో మనిషికి 5 కిలోలు వస్తాయి. 2023 జనవరి నుంచి అవి పూర్తిగా ఉచితం. ఆ జాబితాకు కాస్త పైన ఆగిపోయిన వాళ్లే ఈ కేశరి కార్డు రైతులు. నాలుగెకరాల సోయాబీనో పత్తో ఉంటుంది, వాన తప్పితే అప్పు తప్పదు. రైతుల ఆత్మహత్యలు ఎక్కువగా ఉన్న 14 జిల్లాల్లో, అంటే మరాఠ్వాడాలోని ఎనిమిదింటిలో, విదర్భలోని ఆరింటిలో, వీళ్లకూ మనిషికి 5 కిలోల చొప్పున కిలో గోధుమలు 2 రూపాయలకు, బియ్యం 3 రూపాయలకు ఇవ్వాలని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో నిర్ణయించింది. చట్టం పరిధిలో లేని ఈ పథకానికి ధాన్యం ఇవ్వలేమని భారత ఆహార సంస్థ చెప్పడంతో 2022లో అది తెగిపోయింది. 2023 ఫిబ్రవరి 28న వెలువడిన ప్రభుత్వ నిర్ణయం ప్రకారం మనిషికి నెలకు 150 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడసాగాయి. 2024లో దాన్ని 170 చేశారు.

పైసలిస్తే నష్టమేముంది, తమకు నచ్చింది కొనుక్కుంటారు కదా అని అడిగేవాళ్లున్నారు. అడగదగిన ప్రశ్నే. జవాబు జొన్న ధరలో ఉంది.

మరాఠ్వాడా కడుపు నింపేది జొన్న రొట్టె. 2022-23లో హైబ్రిడ్ జొన్నకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,970 రూపాయలు. అంటే 5 కిలోలకు 148 రూపాయల 50 పైసలు. 150 రూపాయలు దానికి సరిపోయాయి. 2024-25లో మద్దతు ధర 3,371 అయింది, 5 కిలోలకు 168 పైచిలుకు. 170 కూడా సరిపోయింది. 2025-26లో అది 3,699కి చేరింది. ఆ లెక్కన 5 కిలోలకు 185 రూపాయలు కావాలి. ఇదంతా రైతు అమ్ముకునే ధర లెక్క. కిరాణా దుకాణంలో తూచి ఇచ్చేసరికి దళారీ, రవాణా, దుకాణదారు లాభం కలిసి ఇంకా పైకి పోతుంది. ఐదుగురున్న ఇంటికి 850 రూపాయలు వస్తాయి, మునుపు వచ్చిన 25 కిలోల గింజలు మాత్రం ఆ డబ్బుకు రావు. గింజ రూపంలో ఇస్తే ధర పెరిగిన భారం సర్కారుది. నగదు రూపంలో ఇస్తే ఆ భారం ఇంటి ఇల్లాలిది. ఈ బదిలీ మీద పెద్దగా చర్చ జరగలేదు, అదే బాధ కలిగించే విషయం.

ధరతోనే అయిపోలేదు. డబ్బు వచ్చిన దారి కూడా సంచిలోకి ఏం చేరుతుందో నిర్ణయిస్తుంది. అమెరికాలో పేదలకు తిండి సరుకులకే చెల్లే సాయం ఒక కార్డులో వేస్తారు. ఎలాగూ తిండి మీద అంతకంటే ఎక్కువే ఖర్చు పెట్టే కుటుంబానికి ఆ కార్డైనా నగదైనా ఒకటేనని అర్థశాస్త్ర పాఠాలు చెప్పేవి. జస్టీన్ హేస్టింగ్స్, జెస్సీ షపీరో ఒక పెద్ద దుకాణాల సంస్థ అమ్మకాల లెక్కలు తీసి 2018లో వేరే సంగతి చూపించారు. ఆ కార్డులో పడిన ప్రతి 100 డాలర్లకు తిండి మీది ఖర్చు 50 నుంచి 60 డాలర్లు పెరిగింది. నగదు చేతికొస్తే పెరిగేది అందులో చాలా తక్కువ భాగమే. తిండి కోసమని పేరు పెట్టి ఇచ్చినదాన్ని మనుషులు తిండికే వాడతారు.

నాందేడ్ పల్లెలో ఇది ఇంకా సూటిగా కనిపిస్తుంది. పాతిక కిలోల సంచి ఇంట్లో దిగితే ఆ నెల రొట్టెకు ఢోకా లేదు. ఖాతాలో పడిన 850 రూపాయలు మిగతా డబ్బులో కలిసిపోతాయి. విత్తనాల అప్పు, బిడ్డ జ్వరం, మోటారు రిపేరు, ఏది ముందొస్తే దానికి పోతాయి. దీన్ని దుబారా అనడం అన్యాయం, అవన్నీ నిజమైన అవసరాలే. ఆ పైసలు తీసుకోవాలంటే బ్యాంకుకు వెళ్లాలి, ఆ పూట కూలి పోతుంది. మరొకటి ఉద్దెర. ఇంట్లో గింజలుంటే కిరాణా ఖాతాలో పప్పు, నూనె, చాయ్‌పత్తి మాత్రమే ఎక్కుతాయి. గింజలు లేకుంటే పిండి కూడా ఎక్కుతుంది. ఉద్దెర మీద కొనేవాళ్లు ధర గురించి బేరమాడలేరు, నాణ్యత గురించి అసలే అడగలేరు.

అలాగని గింజలు పంచితే అంతా బాగుపడుతుందని చెప్పడమూ నిజం కాదు. చవక గోధుమ, బియ్యం కుటుంబం ఏం తినాలో కూడా నెమ్మదిగా మార్చేస్తాయి. నీరజ్ కౌశల్, ఫెలిక్స్ ముచోంబా మన దేశపు సర్వేలు పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, రాయితీ పెరిగిన చోట బియ్యం, గోధుమల వాడకం పెరిగిందనీ, జొన్న, సజ్జ లాంటివి తగ్గాయనీ, మొత్తం పోషణలో చెప్పుకోదగ్గ మెరుగుదల లేదనీ తేల్చారు. చైనాలోని హునాన్, గన్సు రాష్ట్రాల్లో రాబర్ట్ జెన్సెన్, నోలన్ మిల్లర్ చేసిన ప్రయోగంలోనూ ధాన్యం మీద ఇచ్చిన రాయితీ పేదల పోషణను పెంచలేదు. ఛత్తీస్‌గఢ్ మీద కృష్ణమూర్తి, పఠానియా, టాండన్ చేసిన అధ్యయనం మాత్రం ఆశ కలిగిస్తుంది. అక్కడ రేషన్ వ్యవస్థ బాగుపడ్డాక కుటుంబాలు బియ్యం మీద మిగిలిన డబ్బుతో పప్పులు, మాంసాహారం ఎక్కువగా కొన్నాయి. కోటా నమ్మకంగా, ప్రతి నెలా, పూర్తి తూకంతో వస్తే మిగిలిన డబ్బు పప్పుకు పోతుంది. రాకపోతే పోదు.

నమ్మకం గురించి నాందేడ్‌కు చేదు అనుభవమే ఉంది. 2018 జులైలో నాయగావ్ తాలూకా కృష్ణూర్ పారిశ్రామికవాడలో రేషన్ ధాన్యం లారీలను పోలీసులు పట్టుకున్నారు. పేదల దుకాణాలకు చేరాల్సిన గింజలు ప్రైవేటు ఫ్యాక్టరీ గేటు ముందు దొరికాయి. ఇలాంటి దోపిడీ వల్లే నగదు మేలనే వాదనకు బలం వచ్చింది. ఇంకోవైపు తెలంగాణ నుంచి రేషన్ బియ్యం సరిహద్దు దాటి మహారాష్ట్రకు తరలిపోవడం ఏళ్ల తరబడి వార్తల్లో ఉంది. దొడ్డు బియ్యం తినలేక అమ్ముకున్నవాళ్లను దొంగలుగా చూడటం తప్పు. వాళ్లు తినని సరుకును అమ్మి తినే సరుకు కొన్నారు. సన్నబియ్యం ఇవ్వడం మొదలయ్యాక ఆ కోటా ఎక్కువగా వండుకోవడానికే ఇళ్లకు చేరుతోంది. ఏ సరుకు ఇస్తున్నామో అది ఆ నేల తిండికి తగినదేనా అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న.

ఆ ప్రశ్న మరాఠ్వాడాలో అడిగితే జవాబు జొన్న, దాని పక్కన కందిపప్పు. 2022-23 గృహ వినియోగ సర్వే ప్రకారం గ్రామీణ భారతంలో ఇంటి ఖర్చులో ధాన్యాల వాటా 5 శాతం లోపే. 2011-12లో అది 10 శాతం దాటి ఉండేది. పల్లె ఇంటి డబ్బు ఇప్పుడు పాలు, కూరగాయలు, నూనె, పప్పు మీద పోతోంది, కష్టమూ అక్కడే ఉంది. ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో మహారాష్ట్రలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 54 శాతం, ఐదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 69 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. గోధుమ పిండి ఒక్కటే దీన్ని తీర్చదు.

ఇతర రాష్ట్రాలు దారి చూపిస్తున్నాయి. తమిళనాడు 2007లో మొదలుపెట్టిన పథకం కింద రేషన్ దుకాణంలో కందిపప్పు కిలో 30 రూపాయలకు, పామాయిల్ లీటరు 25 రూపాయలకు ఇస్తోంది. కర్ణాటక మంత్రివర్గం 2025 అక్టోబరులో అదనపు బియ్యం స్థానంలో కందిపప్పు, నూనె, చక్కెర, ఉప్పు ఉన్న కిట్ ఇవ్వాలని నిర్ణయించింది. నగదు, బియ్యం ఇచ్చి చూసి, పప్పు వైపు మళ్లిన రాష్ట్రం దెగ్లూర్‌కు పక్కనే ఉంది. 2018లో ధర్మాబాద్ తాలూకా గ్రామాలు తమను తెలంగాణలో కలపమని అడిగినప్పుడు, సరిహద్దు అవతలి పథకాలను చూసే అడిగాయి. సరిహద్దు జనానికి ఈ పోలిక రోజూ కళ్ల ముందు ఉంటుంది.

మహారాష్ట్ర చేయాల్సింది కష్టమైన పనేం కాదు. మనిషికిచ్చే మొత్తాన్ని ప్రతి ఏటా ప్రకటించే జొన్న మద్దతు ధరతో ముడిపెట్టాలి, చిల్లర ధర తేడా దానికి కలపాలి. నగదు కావాలా, జొన్నలు కావాలా అన్నది కార్డుదారే ఏటా ఒకసారి ఎంచుకునే వీలుండాలి. బ్యాంకు దగ్గరున్న కుటుంబానికి నగదు నయం కావచ్చు, దూరపు తండాకు గింజలే నయం. కార్డుకు నెలకు కిలో కందిపప్పు చేర్చాలి. కందులు మొత్తం కొంటామని కేంద్రం 2025 బడ్జెట్‌లో నాలుగేళ్లకు మాట ఇచ్చింది, కంది నాందేడ్ పొలాల్లోనే పండుతుంది. పప్పు పంచడం రేషన్ దుకాణాల వల్ల కాదనే అభ్యంతరం కూడా నిలవదు. 2022 దీపావళి నుంచి పండగలకు ‘ఆనందాచా శిధా’ పేరుతో 100 రూపాయలకు రవ్వ, శనగపప్పు, చక్కెర, పామాయిల్ ఇచ్చినప్పుడు, ఈ 14 జిల్లాల కేశరి కార్డు రైతులకు కూడా ఆ సంచి ఇదే దుకాణాల నుంచి అందింది. పండగలకు ఇవ్వగలిగిన ఆ పప్పును 2025లో ఆపేశారు. ఈసారి కందిపప్పును నెలనెలా ఇచ్చే సరుకుగా మొదలుపెట్టాలి.