పాత తీగకు కొత్త పని

చీమకుర్తిలో ఒక ఇల్లు ఊహించుకోండి. ముందు గదిలో ఇంటర్నెట్టు ఉంది. పెరట్లో నలభై గజాల దూరాన ఇనుపరేకుల షెడ్డు. చదువుకోవడానికి అక్కడైతే ప్రశాంతంగా ఉంటుంది. కాని రేడియో తరంగాలు ఇనుపరేకుల్ని దాటలేవు, అందుచేత వైఫై అందదు. "కొత్త కేబులు లాగాల్సిందే" అంటారు పెద్దలు. తొందరెందుకు? షెడ్డులో బల్బు వెలుగుతోంది కదా! అంటే ఇంటి నుంచి అక్కడికి తీగలు ఎప్పుడో వెళ్ళాయన్నమాట.

ఒకే తీగలో కరెంటూ కబురూ కలిసి ఎలా పోతాయి? మన ఇంటి విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. కబురు మోసే సంకేతాలు సెకనుకు 20 లక్షల నుంచి సుమారు 3 కోట్ల ఆవర్తనాలు చేస్తాయి. ఇంత తేడా ఉన్నప్పుడు రెంటినీ వడగట్టి వేరుచేయడం కష్టం కాదు. ఆ పని చేసే చిన్న పెట్టెలే పవర్‌లైన్ అడాప్టర్లు. ఇంట్లో ప్లగ్గుకొకటి, షెడ్డులో ప్లగ్గుకొకటి తగిలిస్తే చాలు. ఇదేమీ కొత్త ఊహ కాదు. పెద్ద సబ్‌స్టేషన్లలో డోలులాంటి తీగచుట్టలు మీరు చూసే ఉంటారు. హైటెన్షన్ తీగల మీద వచ్చే సంకేతాలు దారి తప్పకుండా ఆపేవి అవే.

ఇక్కడొక చిక్కుంది. షెడ్డుకు ఇంటి మీటరు నుంచే కరెంటు వెళ్ళాలి. పొలంలో మోటారు కొట్టుకు వేరే ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది, దాన్ని దాటి ఈ సంకేతం పోలేదు. ఇంట్లో త్రీఫేజు ఉంటే రెండు పెట్టెలూ ఒకే ఫేజు మీద ఉండటం మంచిది. అదే లైనులో రాళ్ళు కోసే మోటారు తిరుగుతుంటే దాని రొద సంకేతాన్ని మింగేస్తుంది. గ్రానైటు ఊరికి ఇది చిన్న సమస్య కాదు! అట్టపెట్టె మీద అచ్చువేసిన వేగమూ రాదు. పదోవంతు వచ్చినా వీడియో పాఠానికి సరిపోతుందనుకోండి.

నన్నడిగితే, పనిలేక పడివున్న పాత టెలిఫోను తీగ ఇంకా మేలు. 2005లో మన దేశంలో బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండు ఇళ్ళకు చేరింది అలాంటి జంట తీగ మీదనే. దానికి తగిన పెట్టెలూ ఉన్నాయి. అయితే ఎక్స్చేంజి లైను నుంచి ఆ తీగను పూర్తిగా విడదీయించాలి.

ఒక్కటి మాత్రం చేయకండి. నెట్‌వర్కు కేబులును మీరే 230 వోల్టుల తీగకు కలపబోతే ప్రాణాలు పోతాయి. ప్లగ్గు పెట్టడం వరకే మీ పని, మిగతాది ఎలక్ట్రీషియను చూసుకుంటాడు.

పాత తీగలేవీ పనికిరాక కాలువ తవ్వక తప్పలేదా? అప్పుడు కూడా రాగి కేబులు వద్దు. దగ్గర్లో పిడుగు పడితే రెండు కట్టడాల మధ్య రాగి తీగ వెంట విద్యుత్తు దూసుకొచ్చి కంప్యూటర్లను కాల్చేస్తుంది. గాజుతో చేసిన ఫైబరులో విద్యుత్తు ప్రవహించదు. 2017లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ చాలావరకు కరెంటు స్తంభాల మీదుగానే కేబులు లాగగలిగింది అందువల్లనే. మీ వీధి స్తంభం మీద కరెంటు తీగల కింద ఒక నల్లని కేబులు ఉందేమో చూడండి.